కేస్‌షీట్ అడిగారా?

హైదరాబాదులో మలేరియా విభాగంలో పనిచేసే ఒక ఆఫీసరు గారు 2002 జులై 20న భార్యను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. జ్వరం వస్తోంది, పోతోంది, చలి పుడుతోంది. అలాంటి జ్వరాల సంగతి చూసే శాఖలోనే ఆయన ఉద్యోగం. ఆస్పత్రిలో మాత్రం టైఫాయిడ్‌కి వైద్యం సాగింది. మందులు ఆవిడకు పనిచేయడం లేదన్నది ఆయన మొర. 24వ తేదీకి పరిస్థితి చేయి దాటింది. ఇంకో పెద్దాస్పత్రికి మార్చేసరికి ఆవిడ దాదాపు ప్రాణం పోయిన స్థితిలో ఉన్నారు. బతకలేదు.

ఆయన వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మంది, కట్టించుకున్న 10 వేలు వెనక్కిమ్మంది. అప్పీలులో రాష్ట్ర కమిషన్ ఆ తీర్పు కొట్టేసింది. వైద్యం తప్పని చెప్పే నిపుణుణ్ణి సాక్షిగా తేలేదు కదా అంది. జాతీయ కమిషన్ దానికే తలూపింది. చివరికి 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. వి. కిషన్ రావు వర్సెస్ నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ అని ఈ కేసు పేరు. ఆస్పత్రుల మీద కేసులు వేసే లాయర్లకు ఇది నోటికి వచ్చిన పేరే. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదు, తప్పు దానంతటదే కనబడుతుంటే చాలు అని తేల్చింది ఇందులోనే.

మరి ఆ తప్పు ఎక్కడ కనబడింది? ఆస్పత్రి తరఫున సాక్ష్యం చెప్పిన డాక్టరే మలేరియాకి నేను వైద్యం చేయలేదన్నారు. రెండో ఆస్పత్రి ఇచ్చిన మరణ ధ్రువీకరణలో కారణం దగ్గర గుండె, ఊపిరి ఆగిపోవడంతో పాటు మలేరియా అని రాసి ఉంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇక నిపుణుడెందుకు? ఆ రెండో కాగితం ఆయన దగ్గర లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇప్పుడు మన సత్తెనపల్లికి వద్దాం. నాలాంటి లాయర్ల దగ్గరికి ఈ బాపతు కేసుతో వచ్చేవాళ్లు బట్టల షాపు కవరు ఒకటి పట్టుకొస్తారు. కుర్చీలో కూర్చోకముందే దాన్ని టేబుల్ మీద బోర్లిస్తారు. స్కానింగ్ ఫిల్ములు, మందుల షాపు బిల్లులు, సగం వాడిన మాత్రల షీట్లు, ఆధార్ జరాక్సు, చివర్న మడతలు పడిన డిశ్చార్జి కాగితం.

"అన్నీ ఇందులోనే ఉన్నయ్ సార్."

"కేస్‌షీట్ ఏదండీ?"

"అది వాళ్ల కాడనే ఉంటది గద సార్. మనకెందుకిస్తారు?"

ఇస్తారు. ఇచ్చి తీరాలి. భారత వైద్య మండలి 2002లో పెట్టిన వృత్తి నియమావళిలో ఇది స్పష్టంగా ఉంది. రోగి గానీ, రోగి తరఫున హక్కున్నవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆస్పత్రిలో చేరిన రోగుల రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు భద్రంగా ఉంచాలి. ఏ గంటకు బీపీ ఎంత, ఏ డాక్టరు ఎన్నింటికి వచ్చి చూశారు, నర్సు ఏ ఇంజెక్షన్ ఎప్పుడు చేసింది, మత్తు ఎంత ఇచ్చారు, ఆపరేషన్ థియేటర్లో ఏం జరిగింది, ఇదంతా ఉండేది కేస్‌షీట్‌లో. డిశ్చార్జి సమ్మరీలో ఉండేది దాని సారాంశం, అదీ వాళ్లు రాసుకున్న సారాంశం.

అడగడం కూడా నోటిమాటగా అడగొద్దు. తెల్లకాగితం మీద పేషెంటు పేరు, ఐపీ నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి అయిన తేదీ రాసి, మొత్తం రికార్డు నకళ్లు ఇప్పించమని నాలుగు ముక్కలు రాయండి. రెండు కాపీలు తీసి ఒకటి కౌంటర్లో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయం అన్నారా, అక్కడ గొడవ పడకుండా నేరుగా పోస్టాఫీసుకి వెళ్లి స్పీడ్ పోస్టు చేయండి. ఆ రసీదు దాచండి. అడిగినా రికార్డు ఇవ్వలేదంటే, వినియోగదారుల కమిషన్ ముందు ఆ మౌనం ఆస్పత్రికే ఎదురు తిరుగుతుంది. అసలైన ఇబ్బంది ఆలస్యంతోనే. ఆరు నెలల తర్వాత అడిగితే, ఈ మధ్యలో ఎవరో కూర్చుని నీటుగా తిరగరాసిన కేస్‌షీట్ వచ్చిందేమోనన్న అనుమానం మీకూ పోదు, దాన్ని రుజువు చేయడం నాకూ కుదరదు. అందుకే మొదటి వారంలోనే అడగమనేది.

మన దగ్గర ఆ మొదటి వారంలో జరిగేది వేరు. మనిషి పోయాడు. గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రి ముందు శవాన్ని పెట్టి బంధువులు బైఠాయించారు. ఊరి నుంచి రెండు ట్రాక్టర్ల జనం దిగారు. కుర్చీలు విరిగాయి, అద్దాలు పగిలాయి. పోలీసులొచ్చారు. సాయంత్రానికి పెద్దమనుషులు లోపలికి వెళ్లారు. రాత్రి పదింటికి ఒక అంకె తెగింది. ఇకమీదట మాకు ఎలాంటి ఫిర్యాదూ లేదని తెల్లకాగితం మీద సంతకాలు. శవం ఊరికి బయల్దేరింది. ఆ అంకెలో ఇంటికి చేరిందెంత, మధ్యలో పోయిందెంత అన్నది వాళ్లకే ఎరుక. ఆ డాక్టరు తప్పు చేశాడా లేదా అన్నది ఇక ఎవరికీ తేలదు. తప్పు చేయని డాక్టరు కూడా డబ్బు కట్టి ఉండొచ్చు, అది ఇంకో అన్యాయం. పైగా ఆస్పత్రి మీద దాడి చేస్తే 2008 నాటి రాష్ట్ర చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా ఉన్నాయి. పోయిన మనిషి కోసం వచ్చిన మేనల్లుడు కేసులో ఇరుక్కుని వాయిదాలకు తిరుగుతుంటాడు.

ఈ హడావుడిలో జరగకుండా పోయేది పోస్టుమార్టం. చచ్చినవాణ్ణి మళ్లీ కోయించాలా అంటారు ఇంట్లో ఆడవాళ్లు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ గుండెపోటు వచ్చిందని ఆస్పత్రి అంటుంది, కాదు ఇంజెక్షన్ వికటించిందని మీరంటారు. మధ్యలో చెప్పేవాళ్లెవరు? అనుమానం గట్టిగా ఉంటే పోలీసుకి రాసిచ్చి పోస్టుమార్టం చేయించండి. దహనం అయ్యాక నాలాంటి వాడు చేయగలిగింది చాలా తక్కువ.

కాగితాల్లో ఇంకొకటుంది, మనమే సంతకం పెట్టి మనమే మర్చిపోయేది. ఆపరేషన్‌కి ముందు అంగీకార పత్రం. ఇంగ్లీషులో అచ్చువేసిన ఫారం, ఖాళీలు నింపకుండానే సంతకం. థియేటర్ తలుపు దగ్గర నిలబడి చదివేదెవరు? దాని విలువ తెలియాలంటే నిమ్స్ కేసు చూడండి. 1990 అక్టోబరులో 20 ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి ఒకరు ఛాతీలో, వెన్నెముకకు దగ్గరగా ఉన్న గడ్డతో హైదరాబాదు నిమ్స్‌లో చేరాడు. పరీక్ష కోసం ముక్క తీస్తామని చెప్పారు, దానికే ఒప్పుకున్నారు. లోపలికి వెళ్లాక గడ్డ మొత్తం తీసేశారు. న్యూరోసర్జన్ లేకుండానే. ఆ కుర్రాడు మెలకువ వచ్చేసరికి నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. జాతీయ కమిషన్ 1999లో 15 లక్షల 50 వేలు ఇమ్మంది. సుప్రీంకోర్టు 2009 మే 14న దాన్ని కోటి రూపాయలకు పెంచి వడ్డీ కూడా కలిపింది. అప్పటికి ఆయన పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్నాడు. ముక్క తీయడానికి ఇచ్చిన ఒప్పుకోలు గడ్డ మొత్తం తీయడానికి చెల్లదని కోర్టు అంది. ప్రశాంత్ ధనంక కేసుగా ఇది పేరుపడింది.

ఈ ఒప్పుకోలు మాట మన ఆడవాళ్లకు ఇంకా దగ్గరది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ. వందకు సుమారు 9 మంది. మిర్చి కోతలకు వెళ్లే ముప్పై అయిదేళ్ల మనిషి కడుపునొప్పని వెళ్తే, సంచి తీసేస్తే క్యాన్సర్ భయం ఉండదు అని ఒక మాట వేస్తారు. ఇంకేం, అప్పు చేసి ఆపరేషన్. ఆ తర్వాత వచ్చే నడుంనొప్పులకు, ఎముకల నీరసానికి ఎవరూ జవాబుదారీ కాదు. ఢిల్లీలో పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక ఆవిడకు, ఆ మత్తులో ఉండగానే బయట తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి తీసేశారు. ఒప్పుకోవాల్సింది రోగి, స్పృహ వచ్చేదాకా ఆగితే పోయే ప్రాణమేమీ లేదు కదా అని సుప్రీంకోర్టు 2008 జనవరిలో డాక్టరును తప్పుపట్టింది. సంతకానికి ముందు ఏం తీస్తారు, ఎందుకు తీస్తారు, తీయకపోతే ఏమవుతుంది అని అడగండమ్మా. అడిగితే కసురుకుంటే, ఆ డాక్టరు దగ్గర ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది.

ఫిర్యాదు ఎక్కడ, ఎలా అన్న సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇది అనుకున్నంత కష్టం కాదు. డాక్టర్ల సేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది. 2019 కొత్త చట్టంలో ఆరోగ్యం అన్న మాట తీసేశారు కాబట్టి మేం బయటే అని డాక్టర్ల తరఫున వాదిస్తే, 2022లో ఆ వాదనా వీగిపోయింది. ఆస్పత్రికి మీరు కట్టిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో, అంటే పాత జిల్లా ఫోరంలో, వేయొచ్చు. 5 లక్షల లోపు కట్టి ఉంటే ఫీజు పైసా లేదు. ఆస్పత్రి హైదరాబాదులో ఉన్నా మీరు కాపురముండే చోటే వేసుకునే వీలు కొత్త చట్టం ఇచ్చింది. లాయరు తప్పనిసరి కాదు, ఈ మాట నేను చెబుతుంటే మా వాళ్లు నవ్వుతారు గానీ, చట్టం అదే. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు. సందేహముంటే 1915కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

గడువు మాత్రం రెండేళ్లు. ముంబయిలో ఒక నర్సమ్మకు 1993లో పిత్తాశయం ఆపరేషన్ అయింది. తొమ్మిదేళ్లు నొప్పితో మాత్రలు మింగుతూ వచ్చింది. 2002లో మళ్లీ కోస్తే లోపల గాజుగుడ్డ బయటపడింది. 2004లో కేసు వేసింది. గుడ్డ దొరికిన రోజు నుంచి లెక్కేసుకోమంది. నువ్వు నర్సువి, అన్నేళ్లు నొప్పి వస్తుంటే ఆ డాక్టరు దగ్గరికి ఒక్కసారైనా వెళ్లొద్దా అని సుప్రీంకోర్టు 2010లో గడువు దాటిందనే కొట్టేసింది. నాకైతే ఆ తీర్పు కటువుగానే అనిపిస్తుంది. కానీ మీ కేసులో దాన్ని చూపించేది అవతలి లాయరు.

ఆరోగ్యశ్రీ కింద చేయించుకున్నాం, మేం డబ్బు కట్టలేదు, మాకు హక్కుందా అని అడుగుతారు. 1995 తీర్పు లెక్కన, డబ్బు కట్టేవాళ్లకూ కట్టలేనివాళ్లకూ కలిపి వైద్యం చేసే ఆస్పత్రిలో ఉచితంగా చూపించుకున్నవాళ్లు కూడా వినియోగదారులే. అందరికీ పూర్తిగా ఉచితమైన సర్కారు ఆస్పత్రి మాత్రం ఈ చట్టం బయట ఉంది. 2015 ఆగస్టులో గుంటూరు పెద్దాస్పత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటివాటికి హైకోర్టులో రిట్, సివిల్ దావా, మానవ హక్కుల కమిషన్, ఇవే దారులు. ఎక్కువమందికి తెలియనిది ఇంకొకటుంది. శాశ్వత లోక్ అదాలత్. ఆస్పత్రి సేవ కూడా దాని పరిధిలోదే, కోర్టు ఫీజు లేదు. అవసరమున్నవాళ్లు న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

ఆర్‌ఎంపీల సంగతి చెప్పకుండా మన పల్నాడులో ఈ ప్రసంగం పూర్తి కాదు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది ఆయనే, కాదనను. కానీ సెలైన్ పెట్టేదీ, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేసేదీ, ముదిరాక కారులో ఎక్కించుకుని గుంటూరు తీసుకెళ్లేదీ ఆయనే. అక్కడ కమీషన్ అందుతుందన్నది ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం డాక్టర్లకు ఆ 2002 నియమావళిలోనే నిషేధం. చదవని వైద్యం చేస్తే ఏమవుతుందో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. హోమియోపతి చదివిన ఒకాయన జ్వరానికి అల్లోపతి మందులిచ్చాడు, రోగి చనిపోయాడు. తనకు అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యం, వేరే రుజువు అక్కర్లేదన్నారు. ఆర్‌ఎంపీ దగ్గర చీటీ ఉండదు కాబట్టి, వాడిన సీసా, మందు అట్ట పారేయకండి. ఫోన్‌పే చేసిన రసీదు చాలాసార్లు ఆయన వైద్యానికి ఏకైక ఆధారం. ఆస్పత్రుల్లో కూడా అంతే. బిల్లు వద్దంటే వెయ్యి తగ్గిస్తామంటారు. ఆ వెయ్యికి ఆశపడితే రేపు మీరు అక్కడ వైద్యం చేయించుకున్నారనే రుజువు ఉండదు.

ఇక పోలీసు కేసు. కొత్త భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ కింద, వైద్యం చేస్తుండగా నిర్లక్ష్యంతో ప్రాణం పోతే రిజిస్టర్డ్ డాక్టరుకు రెండేళ్ల దాకా శిక్ష, జరిమానా ఉన్నాయి. కానీ క్రిమినల్ కేసుకి మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని, ముందుగా మరో డాక్టరు, వీలైతే ప్రభుత్వ డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని, తక్షణం అరెస్టు చేయొద్దని 2005 ఆగస్టులో సుప్రీంకోర్టు గీత గీసింది. ఆ గీత దాటితే ఏమవుతుందో 2022 మార్చిలో రాజస్థాన్‌లోని లాల్‌సోట్‌లో చూశాం. ప్రసవం తర్వాత రక్తస్రావంతో తల్లి చనిపోయింది. ఆస్పత్రి ముందు ధర్నా, డాక్టరమ్మ మీద ఏకంగా హత్య కేసు. ఆవిడ ఆత్మహత్య చేసుకుంది. ఎంత బాగా చూసినా కొన్ని ప్రాణాలు నిలబడవు. ఆ వృత్తిలో సాధారణంగా ఉండాల్సిన నేర్పు, జాగ్రత్త చూపారా లేదా అన్నదే కొలత. రోగి బతికాడా లేదా అన్నది కొలత కాదు. న్యూజిలాండ్‌లో 1974 నుంచి ఇంకో పద్ధతి ఉంది. వైద్యంలో దెబ్బ తగిలితే తప్పెవరిదని చూడకుండా ప్రభుత్వ సంస్థ పరిహారం ఇస్తుంది, అందుకు బదులుగా పరిహారం కోసం డాక్టరు మీద దావా వేసే హక్కు ఉండదు. మనం అంత దూరం ఇంకా రాలేదు.

ఎంతొస్తుంది అని అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. కోల్‌కతాకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2013లో సుమారు 6 కోట్లు, పైన వడ్డీ ఇప్పించింది. పేపర్లో అది చదివి వచ్చేవాళ్లున్నారు. అక్కడ చనిపోయినావిడ అమెరికాలో ఉండే పిల్లల మానసిక నిపుణురాలు. భర్త కూడా డాక్టరే, 1998 నుంచి వదలకుండా పోరాడాడు. మన మలేరియా ఆఫీసరు గారికి ఎనిమిదేళ్లకు వచ్చింది 2 లక్షలు. మీ కేసు ఈ రెంటిలో దేనికి దగ్గరో మీరే చూసుకోండి. అవతలివాళ్లు జవాబు 45 రోజుల్లో వేయకపోతే ఆ తర్వాత తీసుకోరు, జిల్లా కమిషన్‌లో ఓడి అప్పీలుకి వెళ్లాలంటే సగం సొమ్ము ముందు కట్టాలి. ఈ రెండూ మీకు కొంత ఆసరా. అయినా ఏళ్లు పడుతుంది, నెలల్లో అయిపోతుందని చెప్పే లాయరుంటే నమ్మకండి.

అన్నేళ్లు ఎవరు తిరుగుతారు, ఆ రాత్రి వచ్చిందేదో పుచ్చుకుంటే పోయేది కదా అని మీరు అనొచ్చు. చాలామంది అంటారు కూడా. రాజీ తప్పని నేనూ అనను. వినియోగదారుల చట్టంలోనే మధ్యవర్తిత్వం ఉంది. ఇద్దరూ ఒప్పుకుంటే కమిషనే పంపుతుంది, కుదిరిన మాటను తన ఉత్తర్వులో రాస్తుంది. అయితే 2020లో ఆ మధ్యవర్తిత్వానికి రాసిన నిబంధనల్లో కొన్ని రకాల కేసుల్ని ముందే తీసి పక్కన పెట్టారు. వాటిలో మొదటిది, వైద్య నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిన లేదా తీవ్రంగా గాయపడిన కేసు. దాన్ని రాజీకి పంపకూడదు, విచారించి తేల్చాల్సిందే అన్నారు.